ఊఁ కొట్టే మనిషి: ఆన్‌లైన్‌లో ఒకరికి తోడు నిలవడం ఎలా?

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక బృందం అడిగినప్పుడు కథ రాస్తానన్నాను. రెండు పేజీలు రాసి పక్కన పెట్టేశాను. నా దగ్గరున్న విషయం కథగా కంటే పాఠంగానే ఎక్కువ పనికొస్తుందనిపించింది. ఎందుకంటే అందులో నేను చేసిన తప్పులు నాలుగున్నాయి. అవే తప్పులు మీలో ఒక్కరు చేయకుండా ఉన్నా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఎవరి గురించి రాస్తున్నానో ఆ అన్న దీన్ని మొత్తం చదివి, "వేస్కోరా, ఎవరికన్నా పనికొస్తాది" అన్న తర్వాతే పంపుతున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆ రాత్రి

మాది వీరపునాయునిపల్లె. పేరు పొడుగని మేమే వి.ఎన్.పల్లె అని కుదించుకున్నాం. మా ఈడు పిల్లోళ్ళలో ఊళ్ళో ఉండేది తక్కువ మంది. కొందరు ప్రొద్దుటూరులో, పులివెందులలో చదువుతుంటారు. కొందరు బెంగళూరు, హైదరాబాదు పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటుంటారు. కొందరు కువైట్‌లో డ్రైవర్లు. మా నాయన వాళ్ళ కాలంలో సందకాడ నాపరాళ్ళ అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి ముఖం వాడిపోయినా పక్కవాళ్ళకు తెలిసిపోయేది. ఇప్పుడు మేమంతా కలిసేది వాట్సాప్ గ్రూపులోనే. అక్కడ ముఖం కనపడదు.

శనగ పూతకొచ్చిన రోజులు. రాత్రి 12:40కి గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పెట్టింది నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన మా ఊరి అన్న. బీటెక్ అయ్యి బెంగళూరులో ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. "అందరికీ థ్యాంక్స్. ఎప్పుడన్నా ఎవర్నన్నా బాధపెట్టింటే మనసులో పెట్టుకోవద్దండి."

వెంటనే ఐదారు జవాబులు వచ్చాయి. రెండు దండాల బొమ్మలు. "ఏమన్నా, పార్టీనా?" అని ఒకడు. ఎవరో ఒక ప్రేరణాత్మక ప్రసంగం వీడియో ఫార్వర్డ్ చేశారు. నేను "అంతా మంచే జరుగుతుందన్నా, బీ పాజిటివ్" అని కొట్టి, ఫోను బోర్లా పెట్టి ల్యాబ్ రికార్డు రాసుకోవడం మొదలుపెట్టాను. అదే నా మొదటి తప్పు. నేను జవాబిచ్చింది ఆయన మాటకు కాదు, నా ఇబ్బందికి. ఆ మాటతో నా పని అయిపోయిందనిపించుకున్నాను.

పది నిమిషాలైనా రికార్డు ముందుకు సాగలేదు. "మనసులో పెట్టుకోవద్దండి" అన్న మాట గుచ్చుకుంటూనే ఉంది. పండగా కాదు, పెళ్ళీ కాదు, అర్ధరాత్రి క్షమాపణ ఎందుకు? గ్రూపులోంచి బయటికొచ్చి ఆయనకు విడిగా మెసేజ్ పెట్టాను.

మన భాషలోనే ఉన్న రెండు మాటలు

తర్వాత ఏం జరిగిందో చెప్పే ముందు, సాహిత్య క్లబ్బు పత్రిక కాబట్టి, రెండు తెలుగు మాటల గురించి చెప్పాలి.

మొదటిది పలకరింపు. మా వైపు ఎవరింట్లోనైనా కష్టం జరిగితే "పలకరించి వస్తాం" అని పోతారు. పోయి పెద్దగా ఏమీ మాట్లాడరు. చాప మీద కూర్చుంటారు. "ఎప్పుడు జరిగింది?" అంటారు. అవతలివాళ్ళు చెప్తుంటే వింటారు. కాసేపుండి లేచి వస్తారు. సమస్యను పరిష్కరించి రావాలని ఎవరూ పోరు. పోవడమే పని. చిన్నప్పుడు మా జేజితో అట్లా పోయినప్పుడు, ఏమీ చేయకుండా తిరిగొచ్చామే అనుకునేవాణ్ణి. చేసింది అదే అని ఇప్పుడు తెలుస్తోంది.

రెండోది ఊఁ కొట్టడం. జేజి కథ చెప్తుంటే మనం "ఊఁ" అనాలి. ఊఁ ఆగిపోతే కథ ఆగిపోతుంది. "నిద్రపోయినావా?" అని అడుగుతుంది. వినేవాడు ఉన్నాడని తెలిస్తేనే చెప్పేవాడికి నోరు పెగులుతుంది. మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో దీన్నే క్రియాశీల శ్రవణం అని పెద్ద పేరు పెట్టి చెప్తారు. మనకు మూడేళ్ళ వయసులోనే వచ్చిన విద్య అది. ఫోను చేతికొచ్చాక మర్చిపోయాం. మెసేజ్ చూసి నీలం గీతలు పడేలా చేసి ఊరుకోవడమంటే, కథ మధ్యలో ఊఁ ఆపేయడమే.

మామూలు మనుషులు ఇది చేయగలరా?

"మనం డాక్టర్లం కాదు కదా, తెలియకుండా మాట్లాడితే ఇంకా చెడిపోతుందేమో" అనేది చాలామందికుండే భయం. న్యాయమైన భయమే. చరిత్ర మాత్రం వేరే మాట చెప్తోంది.

1953 నవంబరులో లండన్‌లో చాద్ వారా అనే చర్చి ఫాదరీ, చనిపోవాలనుకునేవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడటానికి ఒక నంబరు పెట్టాడు. తర్వాత సమారిటన్స్ అని పేరొచ్చిన సంస్థ అదే. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్ళు బయట గదిలో కూర్చునేవాళ్ళు. సాయానికొచ్చిన మామూలు వలంటీర్లు వాళ్ళకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వినేవాళ్ళు. చాలామంది అక్కడే మనసు విప్పి చెప్పుకుని, లోపల ఆయన్ను కలిసే అవసరం లేకుండానే తేలికపడి వెళ్ళిపోవడం ఆయన గమనించాడు. 1954లోనే ఫోన్లు ఎత్తే పనిని వలంటీర్లకు అప్పగించాడు. 1994లో ఆ సంస్థ ఈమెయిల్ ద్వారా కూడా ఈ పని మొదలుపెట్టింది. అంటే ముఖం చూడకుండా, గొంతు వినకుండా, రాత ద్వారా తోడుండటానికి 30 ఏళ్ళ చరిత్ర ఉంది. మన పక్కనే చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే సంస్థను ఇదే పద్ధతిలో, వలంటీర్లతో ప్రారంభించారు. హైదరాబాదులో రోష్ని అదే కోవలోది.

రాతకు ఎంత బలముందో చెప్పే అధ్యయనం ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళాక చికిత్స కొనసాగించని 843 మందిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి ఐదేళ్ళలో 24 చిన్న ఉత్తరాలు పంపించాడు. ఆ ఉత్తరాల్లో సలహా లేదు, మందులు వేసుకోమన్న ఒత్తిడి లేదు. మీరు బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి అన్న ధోరణిలో రెండు మూడు వాక్యాలు, అంతే. ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి. మొదటి రెండేళ్ళలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. 2001లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. రెండు వాక్యాల పలకరింపుకు అంత శక్తి ఉంటుందని ఇది చదివేదాకా నాకు తెలియదు.

అవసరం ఎంతుందో కూడా ఒక్క లెక్క చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. రోజుకు 35 మంది పైనే. ఇంతమందికి చివరి మెసేజ్ చూసే మనిషి డాక్టర్ కాదు. మనలాంటి స్నేహితుడు, రూమ్మేటు, గ్రూపులో ఒకడు.

ఇక పాఠంలోకి వద్దాం. ఆ రాత్రి జరిగినదాన్నే ఏడు మెట్లుగా విడదీసి రాస్తున్నాను.

1. విడిగా పలకరించు

గ్రూపులో నలుగురి ముందు మనసు విప్పడం ఎవరికైనా కష్టం. "ఏమైందన్నా?" అని గ్రూపులో అడిగితే "ఏం లేదు, ఊరికే" అనే అంటారు. విడిగా అడగాలి. ఏం గమనించామో అదే చెప్పాలి.

నేను పెట్టింది: "అన్నా, నిద్ర పోలేదా?"

ఏడు నిమిషాల తర్వాత జవాబు: "లేదురా. నువ్వు పడుకో పో. రేపు క్లాసుంటాది గదా."

"క్లాసు ఉంటాదిలే అన్నా. నీ మెసేజ్ చూసినప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఏమైంది?"

ఏ మాటలు చూసి అనుమానించాలి? కారణం లేకుండా వీడ్కోళ్ళు, క్షమాపణలు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం. "నేను లేకపోతే అందరికీ బాగుంటాది" లాంటి మాటలు. చాలారోజులు దిగులుగా ఉండి, ఉన్నట్టుండి ప్రశాంతంగా మారడం. నిద్ర పూర్తిగా తలకిందులవడం. వీటిలో ఏదీ రుజువు కాదు, పలకరించడానికి కారణం మాత్రమే. పలకరిస్తే పోయేదేమీ లేదు.

2. సలహా ఆపు, ఊఁ కొట్టు

ఇక్కడ నా రెండో తప్పు. ఆయన మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. నాయన శనగ మీద చేసిన అప్పు అట్లే ఉంది. పీజీ బాడుగకు ఇంట్లో అడగడానికి ముఖం చెల్లడం లేదు. నేను వెంటనే టైపు చేశాను: "మీ బ్యాచ్‌లో ఇంకా శానామందికి రాలేదన్నా. అంతెందుకు, మీ నాయన గురించి ఒకసారి ఆలోచించు."

జవాబు: "ఆయన గురించి ఆలోచించే గదరా ఈ బాధంతా."

ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఏమీ రాలేదు. ఆ నాలుగు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఓదార్పు అనుకుని నేను ఆయన నెత్తిన ఇంకో రాయి పెట్టాను. అప్పుడు జేజి గుర్తొచ్చింది అని చెప్పను. ఏం రాయాలో తెలియక, భయపడి, "అవునన్నా. నేను తప్పుగా మాట్లాడినా. నువ్వు చెప్పు, వింటాండా" అని మాత్రం రాశాను. అదే పని చేసింది. ఆయన అరగంట సేపు రాస్తూనే ఉన్నాడు. నేను మధ్యమధ్యలో "ఊఁ", "తర్వాత?", "అది శానా కష్టమే అన్నా", "ఉండాను, చెప్పు" అంటూ ఉన్నాను.

ఫోనులో ఊఁ కొట్టడానికి కొన్ని చిట్కాలు. అవతలివాళ్ళు పెద్ద మెసేజ్ టైపు చేస్తుంటే మధ్యలో నాలుగు ప్రశ్నలు వేయొద్దు. ఒక్కోసారి ఒక్క ప్రశ్నే. వాళ్ళు వాడిన మాటనే తిరిగి వాడండి: "బరువుగా ఉంది" అంటే "ఆ బరువు ఎప్పట్నుంచన్నా?" అని. మీరు రెండు నిమిషాలు పక్కకు పోవాల్సి వస్తే చెప్పి పోండి: "నీళ్ళు తాగొస్తా, రెండు నిమిషాలు." చెప్పకుండా మాయమైతే అవతలి గదిలో ఆ రెండు నిమిషాలు చాలా పొడుగు. వాళ్ళకు మాట్లాడే ఓపికుంటే కాల్ చేయడం మంచిది. వద్దంటే బలవంతం చేయొద్దు. కొందరికి రాయడమే సులువు.

3. సూటిగా అడుగు

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. చావు మాట ఎత్తితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని మనందరి భయం. ఈ భయాన్ని పరీక్షించి చూశారు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో, న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది విద్యార్థుల్లో కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినవాళ్ళలో బాధగానీ, ఆ ఆలోచనలుగానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లల్లోనైతే, అడిగినవాళ్ళే కాస్త తేలికపడినట్టు కనిపించింది. దాచుకుని మోస్తున్నదాన్ని ఒకరు పేరుపెట్టి పిలిచారు కదా, అందుకని.

అడిగే తీరు ముఖ్యం. "పిచ్చి పనులేమీ చేయట్లేదు కదా?" అని అడిగితే "లేదు" అనే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు. నేను మూడుసార్లు టైపు చేసి చెరిపేసి, నాలుగోసారి పంపించాను: "అన్నా, ఒక మాట సూటిగా అడుగుతా, ఏమనుకోవద్దు. చచ్చిపోదామని అనుకుంటాండావా?"

జవాబు ఒక్క మాట. "అవును."

చదివాక నా చేతులు వణికాయి. కానీ ఆ తర్వాతి మెసేజ్‌లోనే ఆయన రాశాడు: "ఇంతవరకు ఈ మాట ఎవరూ అడగలేదురా." మీకు అట్లాంటి జవాబు వస్తే హడలిపోకండి, తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. "చెప్పినందుకు మంచిదైందన్నా. నేనుండా. ఈ రాత్రి ఇద్దరం కలిసి గడుపుదాం" అంటే చాలు. ఆ తర్వాత తెలుసుకోవాల్సింది ఒకటే: ఇది ఆలోచనేనా, ఈ రాత్రికే ఏదన్నా అనుకున్నాడా? ఈ రాత్రికే అంటే మీరొక్కరే మోయాల్సిన పని కాదది. నాలుగో మెట్టు వెంటనే ఎక్కాలి.

4. తలుపు తట్టే దూరంలో ఎవరున్నారు?

ఆన్‌లైన్ తోడుకున్న పెద్ద లోటు ఇదే. నేను ప్రొద్దుటూరు దగ్గర హాస్టల్లో, ఆయన బెంగళూరులో. మాట చేరుతుంది, చెయ్యి చేరదు. అందుకే మాట్లాడుతూనే ఒక మనిషిని వెతకాలి. "రూములో ఇంకెవరుండారన్నా?" అని అడిగాను. రూమ్మేటు నిద్రపోతున్నాడన్నాడు. "లేపన్నా" అంటే "వద్దు, పొద్దున డ్యూటీ ఉంది వానికి" అన్నాడు. తన ప్రాణం కంటే పక్కవాడి నిద్రను ఎక్కువగా చూసుకుంటున్నాడు. ఆ స్థితి అట్లా ఉంటుంది. అది స్వార్థమని, పిరికితనమని అనేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

రూమ్మేటు నంబరు నా దగ్గర లేదు. నా పక్క మంచం మిత్రుణ్ణి లేపి విషయం చెప్పాను. నేను చాట్ వదలకుండా ఉంటే, వాడు ఇంకో ఫోనుతో ఊరికి ఫోన్ చేసి, అన్న తమ్ముణ్ణి లేపి నంబరు సంపాదించాడు. దీన్ని పాఠంగా రాసుకోండి: ఒకరు మాట వదలకూడదు, ఇంకొకరు మనిషిని వెతకాలి. ఒంటరిగా రెండూ చేయలేం.

మనిషి దొరికాక చెప్పాల్సినవి మూడు: ఒంటరిగా వదలొద్దు, చేతికందే ప్రమాదకరమైనవేమన్నా ఉంటే గదిలోంచి తీసేయ్, తిట్టొద్దు. ఎవరూ దొరక్కపోతే, ప్రమాదం ఇప్పుడే అనిపిస్తే, 112కు ఫోన్ చేసి ఆ మనిషి ఉండే చోటు చెప్పాలి. అపరిచితులైతే, చిరునామా తెలియకపోతే, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి వాటిలో ఆ పోస్టు మీద రిపోర్టు నొక్కితే ఆత్మహత్య, స్వీయహాని అనే కారణం ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టొద్దు, పదిమందికి తిప్పొద్దు.

5. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు

నా మూడో తప్పు. "అవును" అన్న వెంటనే ఆయన "ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. నేను "చెప్పనన్నా, ఒట్టు" అన్నాను. పావుగంటలో ముగ్గురికి చెప్పాను.

చెప్పడం తప్పు కాదు, ఒట్టు వేయడం తప్పు. ఆ మాట అడిగినప్పుడు ఇట్లా అనుంటే బాగుండేది: "నీ సంగతి ఊరంతా చెప్పనన్నా. కానీ నీ ప్రాణానికి ప్రమాదమనిపిస్తే, సాయం చేయగలిగే ఒక్కరికన్నా చెప్తా. ఎవరికి చెప్పేదో నువ్వే చెప్పు." అట్లా అంటే ఆయన చేతిలో కూడా ఒక నిర్ణయం ఉండేది.

రాత్రి 2:15కు రూమ్మేటు లేచాడు. గొడవ చేయలేదు. టీ పెట్టాడట. ఇద్దరూ తెల్లవారేదాకా కూర్చున్నారు. అన్న తమ్ముడు పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు పోయాడు.

6. అప్పగించు

మనం చేసేది ప్రథమ చికిత్స లాంటిది. రక్తం కారుతుంటే గుడ్డ కడతాం, కుట్లు వేయం. తర్వాతి పని తెలిసినవాళ్ళకు అప్పగించాలి.

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. కష్టంలో ఉన్న మనిషే కాదు, అట్లాంటి మనిషితో ఎలా మాట్లాడాలో తెలియని మనలాంటివాళ్ళు కూడా చేసి అడగొచ్చు. ఆ రాత్రి నాకు ఈ నంబరు తెలియదు. తెలిసుంటే నా మిత్రుడు మూడో ఫోను దానికే చేసేవాడు. జిల్లా వాళ్ళకు కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీతో చూపించుకోవచ్చు.

నంబరు పంపి చేతులు దులుపుకుంటే అది అప్పగించడం కాదు, వదిలించుకోవడం. "నువ్వు చేస్తావా, నేను కాన్ఫరెన్స్ కలపనా?" అని అడగాలి. చేశాక "ఏమన్నారన్నా?" అని మళ్ళీ అడగాలి.

7. మర్నాడు మళ్ళీ పలకరించు

నాలుగో తప్పు దాదాపు చేసేవాణ్ణే. అన్న మూడోరోజు డాక్టర్‌కు చూపించుకున్నాడని తెలిసింది. అదే రోజు నాకు ఒక మెసేజ్ వచ్చింది: "ఒట్టు పెట్టి మా ఇంట్లో చెప్పినావు. ఇంక నాకు మెసేజ్ చేయాకు." నేను చాలా బాధపడ్డాను. కోపమొచ్చింది కూడా. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. వారం రోజులు పలకలేదు. ఆ వారం నా నాలుగో తప్పు.

తర్వాత మా హాస్టల్లో ఒక సీనియర్ అక్క, "ఆయన మెసేజ్ చేయొద్దన్నాడు గానీ నీ నంబరు బ్లాక్ చేయలేదు కదా" అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒక చిన్న మెసేజ్ పెట్టాను. క్షమాపణ ఒకసారి. మిగతావన్నీ ఊరి సంగతులు. వాన పడిందని, సర్వరాయసాగర్‌లో నీళ్ళున్నాయని, శనగకు పురుగు పట్టలేదని. జవాబు కోసం కాదు. నలభై రోజులు ఏ జవాబూ రాలేదు.

పద్ధతి చెప్పాలంటే: మొదటి వారం రోజూ ఒక పలకరింపు. తర్వాత వారానికొకటి. ఆ విషయమే తవ్వొద్దు. "మందులు వేసుకున్నావా?" అని పోలీసు లాగా అడగొద్దు. మామూలు మనిషితో మామూలు మాటలు మాట్లాడినట్టే మాట్లాడాలి. రోగిగా కాకుండా మనిషిగా చూస్తున్నామని అప్పుడే తెలుస్తుంది.

అనకూడని మాటలు, వాటి బదులు

"నీకంటే కష్టాల్లో ఉన్నోళ్ళు లేరా?" బదులు "నీకు ఇది ఎంత కష్టంగా ఉందో చెప్పు."

"అమ్మానాయన గతి ఏమవుతుందో ఆలోచించావా?" బదులు "ఇంట్లో ఎవరితో మాట్లాడితే నీకు కాస్త నిమ్మళంగా ఉంటాది?"

"ధైర్యం తెచ్చుకో." బదులు "ఈ గంట గడిస్తే చాలు. ఈ గంట నేనుంటా."

"నాకర్థమైంది." బదులు "నాకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. ఇంకా చెప్పు."

ఇంకో మాట. "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని మన పత్రికలు రాస్తాయి. నేరానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అనేటప్పుడు వాడే క్రియ అది. చట్టం కూడా ఇప్పుడు దీన్ని నేరంగా చూడటం లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే సంరక్షణ, చికిత్స అందించాలి. చట్టం మారింది, మన క్రియ ఇంకా మారలేదు. సాహిత్య క్లబ్బు వాళ్ళం కాబట్టి ఆ పని మనదే. "పోలీసు కేసవుతుందేమో" అనే భయంతో ఎవరైనా ఆసుపత్రికి వెళ్ళడానికి వెనకాడుతుంటే ఈ సెక్షన్ సంగతి చెప్పండి.

నీ సంగతి?

ఆ రాత్రి తర్వాత పది రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. నాకు నేనే చెప్పుకోలేకపోయిన సంగతిని చివరికి మా కౌన్సెలర్ మేడమ్‌తో చెప్పుకున్నాను. వినేవాళ్ళకు కూడా వినేవాళ్ళు కావాలి. మీ చదువు, నిద్ర, తిండి దెబ్బతింటుంటే ఆ బరువును పంచుకోండి. ఒకే మనిషికి మీరొక్కరే దిక్కు కాకుండా చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం: ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి మనిషి దక్కకపోవచ్చు. అది మీ నేరం కాదు. మన చేతిలో ఉన్నది పలకరింపు వరకే.

మన వంతు ఇంకొకటుంది. విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో తీర్పిస్తూ 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, టెలీ మానస్ లాంటి నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో రాయాలని అందులో ఉంది. ఈ వ్యాసం చదవడం అయిపోయాక మీ హాస్టల్ గోడ చూడండి. నంబరు లేకపోతే వార్డెన్‌ను అడగండి. అప్పటిదాకా ఒక తెల్లకాగితం మీద మీరే రాసి అంటించండి. ఫోనులో కూడా ఇప్పుడే సేవ్ చేసుకోండి: 14416.

చివరగా అన్న సంగతి. నలభై ఒకటో రోజు, శనగ కోతలప్పుడు, రాత్రి తొమ్మిదికి మెసేజ్ వచ్చింది: "శనగలు ఎట్లుండాయిరా ఈసారి?" ఎకరాకు ఎన్ని బస్తాలైందో రాశాను. ధర ఎంత పలుకుతోందో అడిగాడు. చెప్పాను. "నాయనకు ఈసారి కాస్త ఊపిరి తిరుగుతాదిలే" అన్నాడు. ఆ రాత్రి గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. చిన్న కంపెనీలో పని దొరికింది. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు ఉండడు. బాగాలేని రోజు ఆయనే ముందు మెసేజ్ పెడతాడు: "ఉండావా?"

"ఉండానన్నా, చెప్పు" అంటాను.